రాత్రిపూట ఫ్లౌండర్ గిగ్గింగ్‌కి ఎలాంటి పడవ కొనాలి, లైట్లు ఎలా కట్టుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. టెక్సస్‌లోని పియర్‌ల్యాండ్‌లో ఉంటున్నారు, గాల్వెస్టన్ వెస్ట్ బేలో స్నేహితుడితో కలిసి నీళ్ళలో నడుస్తూ రెండు మూడుసార్లు ఫ్లౌండర్ పొడిచారు, ఇప్పుడు సొంత పడవ కావాలి. అందులో ఎక్కేది మీరిద్దరూ, అప్పుడప్పుడు మీ పన్నెండేళ్ళ అబ్బాయి. బడ్జెట్ 12 వేల డాలర్లు. తెలిసినవాళ్ళ దగ్గర 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ బే బోటు చవకగా వస్తోంది, దానికే లైట్లు కట్టించుకుంటే సరిపోదా అని అడిగారు.

సరిపోదు. అది మంచి పడవే. పగలు ట్రౌట్‌కి, రెడ్‌ఫిష్‌కి వెళ్ళడానికి, అలలున్న రోజు బే దాటడానికి ఎంతో బాగుంటుంది. కానీ మోటారు, పెట్రోలు, మనుషులు ఎక్కాక అది దాదాపు అడుగు లోతు మునుగుతుంది. మనకి కావలసిన చేప ఎనిమిది, పది అంగుళాల నీళ్ళలో ఉంటుంది. నేను పదమూడేళ్ళుగా ఈ వేట చేస్తున్నాను. ఇప్పుడున్నది రెండో పడవ. మొదటిసారి నేనూ ఇలాగే పెద్ద పడవ కొని, రెండు సీజన్ల పాటు చేపలున్న చోటుకి యాభై గజాల దూరంలో తిరిగి అమ్మేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ వేట తెలియనివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రెండు మాటలు. ఫ్లౌండర్ బల్లపరుపు చేప, మన ఆంధ్ర తీరంలో నాలుక చేప అనే రకానికి చుట్టం. ఇక్కడ గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో మనం వెతికే సదరన్ ఫ్లౌండర్‌కి రెండు కళ్ళూ ఎడమ పక్కనే ఉంటాయి. పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే చెరో పక్కన ఉంటాయి, పెరిగే కొద్దీ కుడి కన్ను ఎడమ వైపుకి జరిగిపోతుంది. అడుగున ఇసుకలో, బురదలో ఒళ్ళు కప్పుకుని, దగ్గరికొచ్చే మల్లెట్ అనే చేపల పిల్లల కోసం, రొయ్యల కోసం కదలకుండా పడుకుంటుంది. రాత్రిపూట లైటు వేసుకుని నెమ్మదిగా వెళుతూ దాన్ని కనిపెట్టి గిగ్‌తో పొడవాలి. గిగ్ అంటే పొడవాటి కర్ర చివర ముళ్ళున్న బల్లెం. చిన్నప్పుడు పొలం కాలవల్లో పెట్రోమాక్స్ లైటు పట్టుకుని కొర్రమీనుల కోసం తిరిగినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

మనకి నిజంగా కనిపించేది చేప కాదు, అడుగున దాని అంచు గీత మాత్రమే. కోడిగుడ్డు ఆకారంలో సన్నటి గీత, ఒక పక్క రెండు చిన్న చుక్కల్లాంటి కళ్ళు. నీళ్ళు కొంచెం కలకబారినా, పైన మెరుపు పడినా ఆ గీత పోతుంది. పడవ, మోటారు, లైట్లు, వైర్లు, ఏది ఎంచుకునేటప్పుడైనా ఒకటే ప్రశ్న వేసుకోండి: దీనివల్ల నా ముందున్న అడుగు నేల బాగా కనిపిస్తుందా, లేదా?

ముందు పడవ సంగతి. మీకు సరిపోయేది అడుగు బల్లపరుపుగా ఉండే అల్యూమినియం జాన్ బోటు, 1648 సైజు. అంటే 16 అడుగుల పొడవు, అడుగుభాగం 48 అంగుళాల వెడల్పు. ఇది ఎంత మునుగుతుందో కొనకముందే లెక్క కట్టవచ్చు. ముందు వైపు పైకి లేచిన భాగం వదిలేస్తే నీటికి ఆనేది 14 అడుగులు అనుకోండి. 14ని 4తో హెచ్చిస్తే 56 చదరపు అడుగులు. అది ఒక అంగుళం మునిగితే పక్కకి తోసే నీరు 4.67 ఘనపుటడుగులు. ఉప్పునీరు ఘనపుటడుగుకి 64 పౌండ్లు. అంటే దాదాపు 300 పౌండ్ల బరువుకి ఒక అంగుళం మునక. పడవ 400, 25 హార్స్‌పవర్ మోటారు 140, మీరిద్దరూ 350, అబ్బాయి 90, బ్యాటరీలు, పెట్రోలు, ఐస్, మిగతా సామాన్లు 250. మొత్తం 1,230 పౌండ్లు, నాలుగు అంగుళాల పైచిలుకు. మోటారు బరువుకి వెనకభాగం ఇంకో అంగుళం, రెండంగుళాలు దిగుతుంది. ఆరు అంగుళాల్లో తేలుతుంది, ఎనిమిదింటిలో హాయిగా తిరుగుతుంది.

ఇదే లెక్క 14 అడుగుల పొడవు, 36 అంగుళాల వెడల్పు ఉన్న పడవకి వేస్తే 190 పౌండ్లకే ఒక అంగుళం దిగుతుంది. పైగా ఇద్దరు నిలబడితే అటూ ఇటూ ఊగుతుంది. 18 అడుగులు, 60 అంగుళాల వెడల్పుదైతే అంగుళానికి 420 పౌండ్ల పైనే మోస్తుంది కానీ, పడవా దానికి తగ్గ మోటారూ కూడా అంత బరువు పెరుగుతాయి. చివరికి మునక అదే నాలుగు అంగుళాలు. తేడా ఏమిటంటే గెడతో తోసేటప్పుడు భుజాలు పోతాయి, చిన్న గాలికే పక్కకి కొట్టుకుపోతుంది. ముగ్గురికి మించి ఎక్కనప్పుడు 1648 దాటి వెళ్ళకండి. మీరు ఏది కొన్నా లోపల బిగించి ఉండే కెపాసిటీ ప్లేట్ చూడండి. ఎంతమంది, ఎన్ని పౌండ్లు, ఎన్ని హార్స్‌పవర్ అన్నది దాని మీదే ఉంటుంది. పగలు సరదా ప్రయాణానికి ఆ అంకె సరిపోవచ్చు. రాత్రి అందరూ ముందు భాగంలో నిలబడే పనికి అందులో నాలుగింట మూడు వంతులే నింపాలని నా లెక్క.

అమ్మేవాళ్ళు చెప్పే అంకెల్లో ఒక తిరకాసు ఉంది. “నాలుగు అంగుళాల్లో పరిగెడుతుంది” అంటారు. అది వేగం అందుకుని నీటి పైకి లేచాక మాట. ఆగి ఉన్న పడవ ఆ వేగం అందుకోవాలంటే అడుగు, అడుగున్నర లోతైనా కావాలి. ఎనిమిది అంగుళాల్లో తేలుతూ లోపలికి వెళ్ళిపోయి, వచ్చేటప్పుడు మోటారు దించలేక గెడ మీదే బయటికి రావలసిన రాత్రులు ఉంటాయి. ఆ సమయం కూడా లెక్కలో పెట్టుకుని బయల్దేరండి.

ఫైబర్‌గ్లాస్ ఎందుకు వద్దంటున్నానంటే బరువుతో పాటు ఆయిస్టర్ గుల్లలు కూడా ఒక కారణం. వెస్ట్ బేలో ఎక్కడ గుల్లల దిబ్బ ఉంటుందో చీకట్లో ముందే తెలియదు. గుల్ల అంచు ఫైబర్‌గ్లాస్ మీదుండే జెల్‌కోట్ పూతని కత్తిలా కోస్తుంది. అల్యూమినియం సొట్ట పడుతుంది, గీత పడుతుంది, కానీ ఇంటికి తీసుకొస్తుంది. రేకు మందం 0.100 అంగుళం ఉంటే చాలు, 0.125 అయితే ఇంకా నయం. రివెట్లు కొట్టినదాని కంటే వెల్డింగ్ చేసినది తీసుకోండి. గుల్లల మీద రాసుకుని రాసుకుని రివెట్లు వదులవుతాయి.

పాత పడవ కొంటుంటే ట్రైలర్ మీదే లోపల నాలుగు అంగుళాల నీళ్ళు పోయించి అరగంట ఆగండి. కారే రివెట్లు, పగిలిన వెల్డింగ్ కింద నుంచి చుక్కలుగా కనిపిస్తాయి. మోటారు కింది భాగం పట్టుకుని గట్టిగా పైకీ కిందకీ ఊపండి. మోటారు బిగించిన వెనక చెక్క పుచ్చి ఉంటే అక్కడ కదలిక తెలుస్తుంది. సీట్ల కింద ఉండే ఫోమ్ నీళ్ళు పీల్చుకుని ఉంటే పడవ వంద పౌండ్లు అదనంగా తూగవచ్చు. అనుమానం ఉంటే లారీల కాటా మీద పెట్టించండి. కాగితాల విషయంలో ఒక్కటి మర్చిపోవద్దు: టెక్సస్‌లో పడవకి వేరే టైటిల్ (యాజమాన్య పత్రం), వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటారుకి వేరే టైటిల్ ఉంటాయి. రెండిటి మీదా నంబర్లు పడవ మీదా మోటారు మీదా ఉన్నవాటితో కలవాలి. కలవకపోతే ఎంత చవకైనా వదిలేయండి. మోటారు టైటిల్ లేని పడవ కొని ఏడాది తిప్పలు పడినవాళ్ళని చూశాను.

మోటారు 25 చాలు. స్టీరింగ్ కన్సోల్ వద్దు, వెనక కూర్చుని చేత్తో తిప్పే టిల్లర్ హ్యాండిల్ తీసుకోండి. మధ్యలో చోటు మిగులుతుంది. దాంతో బరువంతా వెనక్కి పోతుంది కాబట్టి పెట్రోలు ట్యాంకు, బ్యాటరీలు మధ్యకి జరపాలి. టన్నెల్ హల్ అంటే అడుగున వెనక వైపు సొరంగంలా లోపలికి మలిచి, మోటారు ఇంకా పైకి ఎత్తుకునే వీలు ఉన్న రకం. దొరికితే మంచిదే, కానీ వెనక భాగం తేలే శక్తి కొంత తగ్గుతుంది. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. జెట్ అవుట్‌బోర్డ్ మాత్రం వద్దు. హార్స్‌పవర్‌లో దాదాపు 30 శాతం పోతుంది, గడ్డి పీల్చుకుంటుంది.

చోటుకి చేరాక పెద్ద మోటారు ఆపి పైకి ఎత్తేయండి. అక్కడి నుంచి నా ఓటు గెడకే. పన్నెండడుగుల ఫైబర్‌గ్లాస్ గెడ, చివర బాతు కాలు లాంటి దిమ్మ. వెనక ఒకరు నిలబడి తోస్తారు, ముందు ఒకరు చూస్తారు. చప్పుడు లేదు, బురద లేవదు, పడవ ఎక్కడంటే అక్కడ ఆగుతుంది. గోదావరి పాయల్లో గెడ వేసినవాళ్ళని చూసినవారికి చెప్పక్కర్లేదు, గెడని నిలువుగా కాదు, ఏటవాలుగా దించి నడుము బలంతో తోయాలి. బ్యాటరీతో నడిచే చిన్న ట్రోలింగ్ మోటారు కూడా పెట్టుకోండి, కానీ దాన్ని రెండడుగుల నీళ్ళలోనే వాడండి. పది అంగుళాల్లో దాని రెక్క బురదని చిమ్ముతుంది, మీ వెలుగంతా పాలలా తెల్లబడిపోతుంది. ఈ తీరంలో పాతవాళ్ళు చాలామంది చిన్న ఇంజనుకి విమానం రెక్కలాంటిది బిగించి గాలితో నెట్టే ఫ్యాను వాడతారు. అది పనిచేస్తుంది, నీళ్ళని తాకదు కూడా. కానీ చెవులు గళ్ళుపడే మోత, కాలవల పక్కన ఇళ్ళల్లో పడుకున్నవాళ్ళకి నరకం. మొదటి రెండేళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు.

ఇంకో కారణం కూడా ఉంది. క్రిస్మస్ బే లాంటి చోట్ల అడుగున గడ్డి పెరుగుతుంది, సీగ్రాస్. చేపపిల్లలకి, రొయ్యలకి అదే పుట్టిల్లు. ప్రొపెల్లర్‌తో దాన్ని వేళ్ళతో సహా పెకలించడం టెక్సస్ తీరమంతటా 2013 నుంచి చట్టరీత్యా నేరం. మోటారు ఎత్తి గెడ వేస్తే ఆ సమస్యే లేదు.

ఇక లైట్లు. మీరు ఎక్కువ డబ్బు పెట్టాలనుకున్నది ఇక్కడే, నిజానికి ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. అందరూ ముందు అడిగేది “ఎన్ని వాట్లు?” అని. వాట్ల కంటే లైటు ఎక్కడుంది, ఏ రంగు అన్నది ముఖ్యం. పొగమంచులో కారు హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది కదా, కలక నీళ్ళలో అదే జరుగుతుంది. నీటిలో తేలే మట్టి రేణువులకి వెలుగు తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది. లైటు మన చూపుకి ఎంత దగ్గరగా ఉంటే అంత తెల్లదనం. అందుకే తల పక్కన, రైలింగ్ మీద ఎత్తుగా పెట్టకూడదు. లైట్లు నీటి మట్టానికి అడుగు, అడుగున్నర పైన, పడవ ముందు అంచుకి బయట, కిందకీ ముందుకీ ఏటవాలుగా ఉండాలి. చూపు పైనుంచి, వెలుగు కింద పక్కనుంచి వస్తే ఫ్లౌండర్ అంచుకి సన్నటి నీడ పడుతుంది. మనం కనిపెట్టేది ఆ నీడనే.

రంగు విషయంలో మన పక్క బేలకి పసుపు వైపు ఉన్న 3000కె (కె అంటే కెల్విన్, వెలుగు రంగు కొలత) ఎల్ఈడీలు తీసుకోండి. 6000కె పైన ఉన్న నీలి తెలుపు లైట్లు చూడడానికి మహా ప్రకాశంగా ఉంటాయి, స్వచ్ఛమైన నీళ్ళలో బాగుంటాయి కూడా. వెస్ట్ బే నీళ్ళు ఏడాదిలో చాలా రోజులు టీ రంగులో ఉంటాయి. అక్కడ పసుపు వెలుగే కంటికి హాయి, నాలుగు గంటల తర్వాత తలనొప్పి రాదు. ఎల్ఈడీలు రాకముందు జనరేటర్ పెట్టి వీధి దీపాల్లాంటి సోడియం లైట్లు కట్టేవాళ్ళు. ఆ నారింజ రంగు వెలుగులో నేను మొదటి చేప చూశాను. పాతవాళ్ళు ఇప్పటికీ దాన్ని వదలకపోవడానికి కారణం కంటికి ఆ హాయే.

నీటి లోపల ముంచే లైట్లు కూడా దొరుకుతాయి. వాటికి పైన మెరుపు ఉండదు, చిన్న గాలికి నీరు ముడతలు పడినా అడుగు కనిపిస్తుంది. కానీ కాస్త లోతు తగ్గగానే గుల్లలకి తగులుతాయి, గడ్డి చుట్టుకుంటుంది. ముందు పైన కట్టే లైట్లతో మొదలుపెట్టి, ఒక సీజన్ అయ్యాక కావాలంటే రెండు ముంచే లైట్లు చేర్చుకోండి. పైన ఎన్ని పెట్టినా వెనక్కి ఒక్క కిరణం కూడా మీ కళ్ళలో పడకూడదు. నలుపు రంగు రేకు ముక్కలు వంచి అడ్డం బిగించండి. పడవ ముందు భాగం లోపల కూడా మాట్ నలుపు వేయించండి. మెరిసే అల్యూమినియం మీద పడ్డ వెలుగు కంటిపాపని చిన్నది చేసేస్తుంది.

ఆరు లైట్లు, ఒక్కోటి 50 వాట్లు, మీకు చాలు. మొత్తం 300 వాట్లు, 12 వోల్టుల మీద 25 ఆంపియర్లు. 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు 1,280 వాట్ అవర్లు ఉంటాయి, అంటే నాలుగు గంటలు. మామూలు లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి అదే సైజుది రెండు గంటలే అనుకోవాలి. నాలుగు గంటలకి రెండు లెడ్ బ్యాటరీలంటే 120, 130 పౌండ్లు. లిథియం ఒక్కటి 30 పౌండ్ల లోపు. పైన వేసిన లెక్క గుర్తుందా, ఆ తేడా అంటే అంగుళంలో మూడో వంతు మునక. ఖరీదు ఎక్కువైనా లిథియమే కొనండి. ట్రోలింగ్ మోటారుకి వేరే బ్యాటరీ ఉండాలి. 55 పౌండ్ల థ్రస్ట్ మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది, లైట్లతో కలిపితే అర్ధరాత్రి చీకటే. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ మూడోది, దాన్ని ఇంకే పనికీ ముట్టుకోవద్దు. జనరేటర్ మోత, పొగ, ఉప్పునీళ్ళ పక్కన 120 వోల్టుల కరెంటు, ఇవన్నీ ఇప్పుడు అవసరం లేదు.

వైరింగ్ దగ్గర కక్కుర్తి పడకండి. పడవ మధ్యలోని బ్యాటరీ నుంచి ముందు లైట్ల దాకా వైరు మెలికలు తిరిగి 15 అడుగులు, పోనూ రానూ 30. సన్నటి 10 గేజ్ రాగి తీగలో 25 ఆంపియర్లు పంపితే దారిలోనే ముప్పావు వోల్టు పోతుంది. దానికంటే లావుగా ఉండే 6 గేజ్ వేస్తే 0.3 వోల్టే పోతుంది. తగరం పూత ఉన్న మెరైన్ వైరు మాత్రమే వాడండి, మామూలు రాగి ఉప్పు గాలికి ఏడాదిలో పచ్చబడి పొడవుతుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఏడు అంగుళాల లోపే మెయిన్ ఫ్యూజ్ ఉండాలి. కుడి లైట్లకీ ఎడమ లైట్లకీ వేర్వేరు ఫ్యూజ్, వేర్వేరు స్విచ్. స్విచ్‌లు ముందు నిలబడ్డ మనిషి చేతికి అందాలి. ఎదురుగా నీళ్ళలో నడుస్తున్నవాళ్ళు కనిపిస్తే ఆ పక్క లైట్లు వెంటనే ఆర్పడం మర్యాద. నెగెటివ్ వైరుని పడవ బాడీకి కలపొద్దు, కారు కాదు ఇది. ఉప్పునీటిలో అల్యూమినియంకి కరెంటు తగిలితే చిల్లులు పడతాయి.

అల్యూమినియంకి రాగి కూడా శత్రువే. ముందు డెక్ కోసం హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్ వేయించకండి. చెద పట్టకుండా దానికి ఎక్కించే మందులో రాగి ఉంటుంది. ఉప్పునీళ్ళలో తడిసి ఆనుకుని ఉంటే ఆ రేకుని తినేస్తుంది. నా స్నేహితుడి పడవ మూడేళ్ళలో జల్లెడైంది. అల్యూమినియం షీటు వేయించండి, లేదా ఎపాక్సీ పూసిన మెరైన్ ప్లైవుడ్ వేసి, స్టీల్ స్క్రూల కింద నైలాన్ వాషర్లు పెట్టండి. జింక్ బిళ్ళలు ఒకటి రెండు బిగించి, అవి అరిగినప్పుడల్లా మార్చండి. జేబులోంచి జారి కిందపడ్డ నాణేలు కూడా వెతికి తీసేయండి.

డెక్ వేసేటప్పుడు చోటు కోసం అడ్డ సీట్లు కోయించే షాపులు ఉంటాయి. కోయించకండి. పడవకి అడ్డంగా బలం ఇచ్చేవి అవే, నీళ్ళు నిండినా మునిగిపోకుండా తేల్చే ఫోమ్ ఉండేదీ వాటిలోనే. డెక్ ఎంత ఎత్తు లేపితే పడవ అంత ఊగుతుంది, అందుకే సీటు మట్టానికే ఆపండి. ముందు మాత్రం తొడల ఎత్తున గట్టి రైలింగ్ తప్పనిసరి. నాలుగు గంటలు వంగి చూసేవాడికి ఆనుకునే ఆధారం కావాలి, గెడ మనిషి ఒక్కసారి ఆపినప్పుడు ముందుకి పడకుండా ఉండాలి. నేల మీద రబ్బరు మ్యాట్ పరవండి. ఖాళీ అల్యూమినియం మీద ఒక ఐస్ ముక్క పడినా నీళ్ళలో డప్పు కొట్టినట్టు వినిపిస్తుంది.

గిగ్ గురించి మీరు అడగలేదు, కానీ నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. గాలానికి పడ్డ చిన్న చేపని వదిలేయవచ్చు. గిగ్‌కి పడ్డదాన్ని వదలలేం, వదిలినా బతకదు. టెక్సస్‌లో కనీస పొడవు 15 అంగుళాలు, రోజుకి మనిషికి 5. అంటే పొడిచే ముందే నీళ్ళలో ఉన్న చేప పొడవు చెప్పగలగాలి. గిగ్ కర్ర మీద ముల్లు పైన ఒకదానికొకటి 15 అంగుళాల దూరంలో రెండు తెల్ల టేపు పట్టీలు చుట్టండి. చేపకి సమాంతరంగా మెల్లగా దించి చూసుకోవచ్చు, దించేటప్పుడు తాకకపోతే అది కదలదు. నీళ్ళలో ఏదైనా ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది కాబట్టి, 15 ఉందేమో అనిపిస్తే అది 14. నేను 17 అనిపించనిదాన్ని ముట్టుకోను. మగ ఫ్లౌండర్ సాధారణంగా 14 అంగుళాలు దాటదు. మనం ఇంటికి తెచ్చుకునే ప్రతి చేపా దాదాపు ఆడదే. శరదృతువులో అవి శాన్ లూయిస్ పాస్ లాంటి ముఖద్వారాల గుండా గుడ్లు పెట్టడానికి గల్ఫ్‌లోకి వెళ్తాయి. ఏళ్ళ తరబడి సంఖ్య తగ్గుతూ రావడంతో ఇప్పుడు నవంబర్ 1 నుంచి డిసెంబర్ 14 దాకా వేట పూర్తిగా బంద్. రూల్స్ మారుతుంటాయి, సెప్టెంబర్ 1న లైసెన్స్ కొత్తగా తీసుకునేటప్పుడే టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ యాప్‌లో మళ్ళీ చూసుకోండి. లైసెన్స్‌తో పాటు సాల్ట్‌వాటర్ ఎండార్స్‌మెంట్, అంటే ఉప్పునీటి వేటకి అదనపు అనుమతి కూడా కావాలి. మీ అబ్బాయికి 17 నిండేదాకా లైసెన్స్ అక్కర్లేదు. రెడ్‌ఫిష్, ట్రౌట్ వెలుగులోకి ఎంత దగ్గరగా వచ్చినా గిగ్‌తో పొడవకూడదు, అవి గేమ్ ఫిష్, అంటే గాలంతో మాత్రమే పట్టాల్సిన చేపలు.

పొడిచేటప్పుడు తల వెనక, గట్టిగా నేలకి అదిమి, అలాగే పట్టుకుని ఉండండి. వెంటనే లేపితే జారిపోతుంది. అడుగున గుండ్రంగా, తోకతో కనిపించేది స్టింగ్రే, దాన్ని వదిలేసి ముందుకెళ్ళండి.

రాత్రి పడవ మీద ఉండాల్సినవి: ముందు ఎరుపు, ఆకుపచ్చ లైట్లు, వెనక అన్ని పక్కలా కనిపించే తెల్ల లైటు. గిగ్గింగ్ లైట్లు వాటిని మింగేయకుండా ఎత్తులో పెట్టండి. తలా ఒక లైఫ్ జాకెట్, 16 అడుగులు కాబట్టి విసిరే రకం ఇంకొకటి, ఈల, తేదీ దాటని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, రాత్రి సిగ్నల్ ఫ్లేర్లు. 13 ఏళ్ళ లోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ జాకెట్ వేసుకునే ఉండాలి, కాబట్టి మీ అబ్బాయికి అది చట్టం. చీకట్లో మీరు కూడా వేసుకోండి. పడవ పరిగెత్తేటప్పుడు కిల్ స్విచ్ తాడు, అంటే నడిపేవాడు పడిపోతే మోటారు ఆపేసే తాడు, ఒంటికి తగిలించుకోవాలి. మీలో ఎవరైనా 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే, 15 హార్స్‌పవర్ దాటిన మోటారు నడపడానికి బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు కావాలి. అందరికీ రంగులేని కళ్ళద్దాలు ఉండాలి. వెలుగుకి మల్లెట్లు, సూదిమూతి చేపలు గాలిలోకి ఎగిరి మొహానికి కొడతాయి. షుగర్ ఉన్నవాళ్ళు, లివర్ సమస్య ఉన్నవాళ్ళు వేసవి నీళ్ళలో పుండుతో, కోసుకున్న చేత్తో దిగకండి. విబ్రియో అనే బ్యాక్టీరియా గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. మన ఇళ్ళల్లో షుగర్ లేనివాళ్ళు తక్కువ కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

గాలి గంటకి పది మైళ్ళు దాటితే పడవ దించకండి, నీరు ముడతలు పడి ఏ లైటూ పనిచేయదు. పోటు ఎక్కుతున్న రాత్రి మంచిది: గల్ఫ్ నుంచి తేట నీరు లోపలికొస్తుంది, చేప ఒడ్డుకి దగ్గరవుతుంది, పడవ ఇరుక్కున్నా కాసేపటికి తేలుతుంది. ఒకసారి అక్టోబర్ చివర్లో నేనూ ఇంకొకతనూ వెస్ట్ బే ఉత్తరపు ఒడ్డున ఉండగా అర్ధరాత్రి ఉత్తరపు గాలి తిరిగింది. ఈ బేలలో మామూలు ఆటుపోట్లు అడుగు, రెండడుగులే, కానీ ఉత్తరపు గాలి నీటిని సముద్రంలోకి ఊడ్చేస్తుంది. గంటన్నరలో పడవ గుల్లల మీద కూర్చుంది. తడి బట్టలు, పడిపోతున్న చలి, ఫోనుకి సిగ్నల్ లేదు. మర్నాడు పది దాటాక గానీ కదల్లేకపోయాం. ఇంట్లో వాళ్ళు ఆ రాత్రి పడిన టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి ఆటుపోట్ల పట్టిక ఒక్కటే నమ్మను. శాన్ లూయిస్ పాస్, గాల్వెస్టన్ పియర్ 21 దగ్గర నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) కొలమానాలు ఆ గంటలో నిజంగా ఎంత నీరుందో చూపిస్తాయి. పట్టికలో చెప్పినదానికి, ఉన్నదానికి మధ్య తేడా పెరుగుతుంటే వెనక్కి తిరుగుతాను. ఎక్కడికి, ఎప్పటికి వస్తామన్నది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళతాను.

పడవ వచ్చాక మొదటి రెండుసార్లు లైట్లు లేకుండా పట్టపగలు, నీరు బాగా తగ్గిన సమయంలో వెళ్ళండి. గుల్లల దిబ్బలు, పాత కట్టెలు, చిన్న కాలవల నోళ్ళు బయటపడి కనిపిస్తాయి. వాటిని జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని, వెళ్ళిన దారిని సేవ్ చేసుకోండి. రాత్రి అదే గీత మీద లోపలికి, అదే గీత మీద బయటికి. ఇంటికొచ్చాక ఎంత నిద్ర వచ్చినా మోటారుకి పది నిమిషాలు మంచినీళ్ళు పట్టించి, ట్రైలర్ చక్రాల దగ్గర కడిగి పడుకోండి. చేపని పులుసు పెట్టొద్దు, మెత్తటి మాంసం విడిపోతుంది. ముల్లుతోనే రెండు పక్కలా గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించండి.

బే బోటు అమ్మేవాళ్ళకి వద్దని చెప్పేశాక 1648లు ఏవైనా కంటపడితే ఫోటోలు ఇక్కడే పెట్టండి. వెనక చెక్క, అడుగు రివెట్లు, కెపాసిటీ ప్లేట్, ఈ మూడూ దగ్గర నుంచి తీసి పెడితే చూసి చెబుతాను.